దారి చూపిన తీగ: పైత్యనాళ చికిత్సలో పనిముట్ల చరిత్ర



ప్రత్యేక సంచికకు ఆరోగ్యానికి సంబంధించిన వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు కోరారు. నేను డాక్టరును కాను. బోధన్ శక్కర్‌నగర్‌లో బాయిలింగ్ హౌసులో ఫిట్టరుగా చేరి, ఆ గొట్టాల మధ్యనే ఉద్యోగకాలమంతా గడిపి రిటైరైన వాడిని. కాని మన సభ్యుల్లో పిత్తాశయంలో రాళ్ళు, కామెర్లు, పైత్యనాళంలో అడ్డు అని హైదరాబాదు వెళ్ళి వచ్చినవారు ఏటా ఒకరిద్దరు ఉంటూనే ఉన్నారు. వాళ్ళను పలకరించడానికి వెళ్ళినప్పుడు వాళ్ళు చెప్పేది వింటే, ఇది మన పనికి దగ్గర సంబంధం ఉన్న సంగతే అనిపించింది. సన్నని గొట్టం, అందులో అడ్డు, బయటినుంచి చేయి పోని చోటు, అక్కడికి పంపవలసిన పనిముట్టు. అంతే కదా. అందుకని నాలుగైదేళ్ళుగా దొరికిన పుస్తకాలు చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి తెలుసుకున్న చరిత్రను మన భాషలో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

శరీరంలోని జ్యూస్ లైను

మన కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. తిన్న కొవ్వు అరగడానికి అది కావాలి. ఆ రసం కాలేయం నుంచి ఒక నాళం గుండా దిగి, చిన్నపేగు మొదటి భాగంలో కలుస్తుంది. పిత్తాశయం ఆ లైనుకు పక్కన ఉన్న చిన్న నిల్వ ట్యాంకు వంటిది. ప్రధాన నాళం లోపలి వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అది పేగులోకి తెరుచుకునే చోట చిన్న మొటిమ వంటి ఉబ్బు ఉంటుంది. 1720లో దాన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు వాటర్ పేరే దానికి పెట్టారు. ఆ ద్వారం చుట్టూ మూసి తెరిచే కండరం ఒకటి ఉంది. 1887లో దాన్ని వివరించిన ఇటలీ వాడు ఆడీ పేరు దానికి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే అది వాల్వు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. క్లోమగ్రంథి నుంచి వచ్చే నాళం కూడా చాలామందిలో ఆ ద్వారం దగ్గరే పైత్యనాళంతో కలుస్తుంది. అంటే ఒకే మూతి, లోపల రెండు దారులు. ఒకటి పైకి కాలేయం వైపు, ఇంకొకటి పక్కకు క్లోమం వైపు. క్లోమం మహా సున్నితమైనది. పొరపాటున దాన్ని కదిలిస్తే వాచి ప్రాణం మీదికి తెస్తుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే కథ అంతా ఈ రెండు దారుల చుట్టూ తిరుగుతుంది.

పిత్తాశయంలోని రాయి జారి ఈ నాళంలో ఇరుక్కుంటే పైత్యరసం వెనక్కు తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మలం తెల్లబారుతుంది, ఒళ్ళంతా దురద పెడుతుంది. నిలిచిన రసంలో క్రిములు చేరితే చలిజ్వరం వస్తుంది. నిజాంసాగర్ కాలువ మీద ఆధారపడి చెరుకు పండించిన రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తూము పూడితే పైన నీరు ఎదురెక్కుతుంది, కింద పొలం ఎండుతుంది.

పొట్ట కోసిన రోజులు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాళంలో రాయి అంటే పెద్ద ఆపరేషనే. పొట్ట కోసి, నాళాన్ని తెరిచి, రాయి తీసి, రసం బయటకు పోవడానికి 'టి' ఆకారపు రబ్బరు గొట్టం పెట్టి పంపేవారు. రోగి పక్కన సీసా వేలాడుతూ ఉండేది. కోలుకోవడానికి వారాలు పట్టేది. మా విభాగంలో పాన్ మాన్‌గా పనిచేసిన ఒకాయనకు అట్లాగే అయింది. బోధన్ నుంచి నిజామాబాదు, అక్కడినుంచి రాత్రి మీటరు గేజి రైలులో సికింద్రాబాదు. తిరిగి వచ్చేసరికి క్రషింగ్ సీజను ముగిసింది. ముసలివారికి, గుండె జబ్బు, చక్కెర జబ్బు ఉన్నవారికి ఆ ఆపరేషను ఇంకా ప్రమాదకరంగా ఉండేది. కామెర్లు ముదిరిన మనిషికి కోత పెడితే రక్తం గడ్డకట్టదు కూడా. అందుచేత కోత లేకుండా లోపలికి వెళ్ళే మార్గం కోసం డాక్టర్లు వెతకడంలో ఆశ్చర్యం లేదు.

చూపు లోపలికి వెళ్ళింది

మొదట కావలసింది చూపు. వంపులు తిరిగిన దారిలో వెలుతురు పోవడం ఎట్లా? సన్నని గాజు దారాల కట్టలో వెలుతురు వంగి ప్రయాణిస్తుందని 1954లో ఇంగ్లండులో హాప్‌కిన్స్ గారు, మన పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ గారు ప్రకటించారు. అమెరికాలో బేసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టరు తన సహచరులతో కలిసి ఆ గాజు దారాలతో 1957లో వంగే ఎండోస్కోపు తయారు చేశాడు. దాన్ని మొదట తానే మింగి చూశాడు. కపానీ గారికి మన ప్రభుత్వం 2021లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చింది.

కడుపు కనబడింది, పేగు కనబడింది. కాని నాళపు మూతి పేగు గోడకు పక్కన ఉంటుంది. ఎదురుగా చూసే గొట్టంతో పక్క గోడ మీది రంధ్రాన్ని చూడటం కష్టం. 1968లో అమెరికాలోని మెక్యూన్ అనే సర్జను ఎండోస్కోపు పక్కన సన్నని గొట్టం ఒకటి కట్టి, ఆ మూతిలోకి మొదటిసారి రంగుమందు పంపి ఎక్స్‌రే తీశాడు. కొద్దిమందిలోనే వీలయింది, అయినా దారి ఉందని రుజువైంది.

ఆ తర్వాత పనిముట్టును బాగుచేసినవారు జపాను వారు. 1970 ప్రాంతంలో ఓయి మొదలైన డాక్టర్లు అక్కడి ఎండోస్కోపు కంపెనీలతో కలిసి పక్కకు చూసే గొట్టం తయారు చేయించారు. దాని చివర చిన్న మీట ఒకటి పెట్టారు. దీన్ని ఎలివేటరు అంటారు. డాక్టరు పైన పిడి తిప్పితే లోపల ఆ మీట లేచి, గొట్టంలోంచి వచ్చిన పనిముట్టును నాళపు మూతి వైపు ఎత్తుతుంది. ఈ మీట సంగతి గుర్తుంచుకోండి. ముందు దీనితో మళ్ళీ పని ఉంది. ఈ పరీక్షకే తర్వాత ఈఆర్‌సీపీ అని పేరు స్థిరపడింది.

చూడటం నుంచి బాగుచేయడం దాకా

చూస్తే రోగం తెలుస్తుంది గాని పోదు. 1974లో రెండు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకే పని జరిగింది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో క్లాసెన్, డెమ్లింగ్ గార్లు, జపానులోని క్యోటోలో కవాయ్ గారు, ఆ వాల్వును లోపలినుంచే విద్యుత్ తీగతో కోసి వెడల్పు చేసిన సంగతి ప్రచురించారు. ఆ పనిముట్టు చూడటానికి విల్లు లాగా ఉంటుంది. సన్నని ప్లాస్టిక్ గొట్టం, చివర కొద్ది దూరం బయటకు తేలిన లోహపు తీగ. వెనక నుంచి లాగితే గొట్టం విల్లులా వంగుతుంది, తీగ అల్లెత్రాడులా బిగుస్తుంది. కరెంటు పంపితే కోస్తుంది. మూతి వెడల్పైన తర్వాత చిన్న బుట్టతోగాని, గాలి బుడగతోగాని రాయిని కిందికి లాగి పేగులో వదిలేస్తారు. పొట్ట మీద గీత కూడా పడదు.

రాయి కాక కంతి వచ్చి నాళం మూసుకుపోయినవారి మాటేమిటి? ఇండొనేషియాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన సోహెంద్ర అనే డాక్టరు హాంబర్గులో 1979లో ఎండోస్కోపు గుండానే నాళంలో ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టాడు. స్టెంటు అంటే అదే. బతకలేరనుకున్నవారికి దురద తగ్గింది, కామెర్లు తగ్గాయి, మిగిలిన రోజులు నెమ్మదిగా గడిచే వీలు కలిగింది.

తీగ ఎందుకు కావలసి వచ్చింది

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఒకసారి నాళంలోకి వెళ్ళడమే కష్టం. గుండుసూది తల వంటి మూతిలో దూరి, రెండు దారుల్లో సరైనది పట్టుకోవాలి. అంత కష్టపడి వెళ్ళాక, రంగుమందు పంపిన గొట్టం తీసి కోసే పనిముట్టు పెట్టాలి. అది తీసి బుడగ పెట్టాలి. బుడగ తీసి స్టెంటు పెట్టాలి. ప్రతి మార్పుకూ బయటకు వచ్చి మళ్ళీ దారి వెతుక్కుంటే ఎన్నిసార్లు పొరపాటున క్లోమంలోకి పోతాం?

దీనికి సమాధానం మన ఇళ్ళలోనే ఉంది. పైజామాకు నాడా ఎక్కించే ఇల్లాలు మెత్తని నాడాను నేరుగా తోయదు. పిన్నీసుకు కట్టి, పిన్నీసును ముందు నడిపిస్తుంది. గోడలో గొట్టం వేశాక ఎలక్ట్రీషియను మొదట గట్టి స్టీలు తీగ పంపి, దాని చివర కరెంటు వైరు కట్టి లాగుతాడు. మన ఎవాపొరేటరులో రెండు మీటర్ల ట్యూబులకు పట్టిన స్కేలు తీయడానికి వంగే షాఫ్టు ముందు పోయేది, దాని చివర బ్రష్షో కట్టరో తిరిగేది. గట్టిదీ సన్ననిదీ ముందు పోవాలి, లావుదీ మెత్తనిదీ దాని వెంట రావాలి.

వైద్యంలో ఈ సూత్రాన్ని స్థిరపరచినవాడు స్వీడనుకు చెందిన సెల్డింగర్. 1953లో ఆయన రక్తనాళంలోకి గొట్టం పంపే కొత్త పద్ధతి ప్రకటించాడు. సూది గుచ్చు, సూదిలోంచి తీగ పంపు, సూది తీసెయ్యి, తీగ మీదుగా గొట్టం ఎక్కించు, తీగ తీసెయ్యి. ఈ రోజు గుండెకు స్టెంటు వేసేదీ, ఐసీయూలో మెడ దగ్గర లైను పెట్టేదీ ఈ పద్ధతిలోనే. పైత్యనాళానికీ అదే వచ్చింది. నాళంలోకి ఒకసారి తీగ వెళ్ళిందంటే, ఆ తీగ అక్కడే ఉన్నంతసేపు దారి పోదు. ఎన్ని పనిముట్లు మార్చినా దాని మీదుగానే వెళ్ళి వస్తాయి.

ఆ తీగ తయారీలో ఉన్న తెలివి చూస్తే మన వర్కుషాపు మిత్రులు ముచ్చటపడతారు. మందం 0.035 అంగుళం, అంటే మిల్లీమీటరు లోపే. ఇంకా సన్నగా 0.025 అంగుళంవీ ఉన్నాయి. లోపలి కడ్డీ చాలా వాటిలో నిటినాల్ అనే నికెల్-టైటానియం మిశ్రమం. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో బుయెలర్ అనే ఆయన 1959 నుంచి పనిచేసి బయటపెట్టిన లోహం అది. ఎంత వంచినా మడతపడదు, వదిలితే తిన్నగా అవుతుంది. తీగ కొన తడిస్తే జారుడుగా మారే పూత ఉంటుంది, కాబట్టి నాళపు గోడను గుచ్చకుండా జారుకుంటూ పోతుంది. మిగిలిన పొడవుకు కరెంటు ఆపే పూత, ఎందుకంటే పక్కనే కోసే తీగలో విద్యుత్తు పోతుంది. పైన రంగురంగుల చారలు. ఎండోస్కోపులో చూస్తున్న డాక్టరుకు ఆ చారలు కదిలితే తీగ జారుతున్నదని వెంటనే తెలుస్తుంది.

కోసే పనిముట్టులో కూడా మార్పు వచ్చింది. ఒకే గొట్టంలో మూడు సన్నని దారులు పెట్టారు. ఒకటి తీగకు, ఒకటి రంగుమందుకు, ఒకటి కోసే తీగకు. దీనితో వెతకడం, తీగ పంపడం, రంగు పంపడం, కోయడం నాలుగూ ఒక్క పనిముట్టుతోనే సాధ్యమైనాయి. మార్పిడి ఎంత తగ్గితే దారి తప్పే అవకాశం అంత తగ్గుతుంది.

నాలుగున్నర మీటర్ల చిక్కు

అయితే తీగ తనతోబాటు తన చిక్కును తెచ్చింది. లెక్క చూడండి. పనిముట్టు గొట్టం పొడవు దాదాపు 2 మీటర్లు. తీగ దాని లోపల ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది. గొట్టాన్ని పూర్తిగా బయటకు తీసేటప్పుడు తీగ కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకోవాలంటే గొట్టం వెనక తీగ కనబడాలి. అంటే లోపలికి పోయిన ఒకటిన్నర మీటరుకు పైబడిన తీగ కాక, బయట కూడా గొట్టం పొడవును మించిన తీగ ఉండాలి. అందుకే ఆ తీగలు నాలుగు నుంచి నాలుగున్నర మీటర్లకు పైగా ఉండేవి.

ఇంత పొడవు తీగకు ఇద్దరు మనుషులు కావాలి. డాక్టరు గొట్టాన్ని ఒక అంగుళం వెనక్కు లాగితే, వెనక నిలబడిన సహాయకుడు తీగను సరిగ్గా ఒక అంగుళం ముందుకు తోయాలి. అతను ఎక్కువ తోస్తే తీగ లోపల చుట్టుకుంటుంది, తక్కువ తోస్తే నాళంలోంచి జారిపోతుంది. జారితే మళ్ళీ మొదటికి. ఇదంతా ఎక్స్‌రే తెర మీద చూస్తూ చేయాలి గనుక ఆలస్యమైన కొద్దీ గదిలో అందరికీ ఎక్స్‌రే ఎక్కువ తగులుతుంది. తీగ కొస నేలకు తగిలితే శుభ్రత పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, తీగ కొన ఎంత గట్టిగా తగులుతున్నదో తెలిసేది సహాయకుడి చేతికి, నిర్ణయం తీసుకోవలసింది డాక్టరు. మన క్రేను పనిలో సైగ చేసేవాడు ఒకడు, మీట లాగేవాడు ఒకడు. ఏళ్ళ తరబడి కలిసి చేసిన జోడీ అయితే మాటలే అక్కరలేదు. ఆ జోడీలో ఒకడు సెలవు పెడితే? పెద్ద ఆసుపత్రిలో జోడీ దొరుకుతుంది, చిన్న ఊళ్ళో దొరకదు. ఈ చికిత్స కొన్ని నగరాలకే పరిమితం కావడానికి ఇదొక కారణం.

పొట్టి తీగ

దీనికి దారి గుండె డాక్టర్లు చూపారు. 1980ల మధ్యలో జర్మనీకి చెందిన బాంజెల్ అనే డాక్టరు, గుండె బెలూను గొట్టం మొత్తం తీగ మీద పోనక్కరలేదు, కొన దగ్గర కొద్ది భాగం పోతే చాలునని గమనించాడు. ఒక్క పట్టా మీద నడిచే రైలుతో పోల్చి మోనోరైలు అని పేరు పెట్టారు. కొనలో కొద్ది దూరం మాత్రమే తీగ లోపల ఉంటే, గొట్టం తీసేటప్పుడు బయట కొద్దిపాటి తీగ ఉన్నా సరిపోతుంది.

2000 సంవత్సరం అటూ ఇటూగా ఇదే ఆలోచన పైత్యనాళానికి వచ్చింది. బోస్టన్ సైంటిఫిక్ కంపెనీ పనిముట్టు గొట్టానికి పొడవునా చీలిక పెట్టింది. అడ్డకోతలో చూస్తే ఆంగ్ల 'సి' అక్షరంలా ఉంటుంది. బఠాణీ కాయ ఒలిచినట్టు తీగను ఆ చీలికలోంచి పక్కకు లాగేస్తారు. ఎండోస్కోపు మూతి దగ్గర చిన్న బిగింపు ఒకటి తగిలించి తీగను అందులో నొక్కి పెడతారు. ఆ తర్వాత తీగను మనిషి పట్టుకోనక్కరలేదు, బిగింపే పట్టుకుంటుంది. తీగ పొడవు 2.6 మీటర్లకు తగ్గింది. తర్వాతి కొన్నేళ్ళలో కుక్ కంపెనీ కొనకు దగ్గరలో పక్క రంధ్రం పెట్టి, నాళం లోపలే తీగనూ పనిముట్టునూ విడదీసే ఏర్పాటు చేసింది. ఒకటికి మించి స్టెంట్లు వేయవలసినప్పుడు తీగను బయటకు తీయనక్కరలేదు. ఒలింపస్ కంపెనీ ఎలివేటరు మీటలోనే 'వి' ఆకారపు గాడి కోసింది. మీట ఎత్తగానే తీగ ఆ గాడిలో ఇరుక్కుని కదలకుండా నిలుస్తుంది.

మూడు కంపెనీలు మూడు దారుల్లో వెళ్ళినా, అందరూ ఒకే ప్రశ్నకు జవాబు వెతికారు. తీగ ఎవరి చేతిలో ఉండాలి? ఇద్దరి మధ్య పంచుకున్న పనిని ఒక్క చేతికి అప్పగించారు. కొనలో తగిలే బరువు, కంటికి కనబడే చార, చేయవలసిన నిర్ణయం ఒకే మనిషి దగ్గరికి చేరాయి. కొత్త లోహమేమీ కాదు, కొత్త యంత్రమూ కాదు. ఒక చీలిక, ఒక గాడి, ఒక బిగింపు. పనిముట్టు మార్చడానికి పట్టే సమయం దీనివల్ల తగ్గిందని పరీక్షల్లో తేలింది. అయితే మొదటిసారి నాళంలోకి వెళ్ళడంలో నేర్పు మాత్రం డాక్టరుదే. ఆ నేర్పును ఏ చీలికా ఇవ్వలేదు. అందుకే నేటికీ పొడుగు తీగతో అలవాటైన మంచి జోడీలు దానితోనే చక్కగా చేస్తున్నాయి.

హైదరాబాదు ముచ్చట

ఈ చరిత్రలో మన తెలుగువారి పాత్ర చిన్నది కాదు. డాక్టర్ దువ్వూరు నాగేశ్వర రెడ్డి గారు 1956లో విశాఖపట్నంలో పుట్టారు. కర్నూలు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, మద్రాసులో ఎండీ, చండీగఢ్ పీజీఐలో జీర్ణకోశ వైద్యంలో ఉన్నత విద్య పూర్తి చేశారు. హైదరాబాదు నిమ్స్‌లో పనిచేసి, తర్వాత ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రో ఎంటరాలజీని నెలకొల్పారు. సోమాజిగూడలో ఎదిగి, గచ్చిబౌలికి విస్తరించిన ఏఐజీ అదే. ఎండోస్కోపీతో పైత్యనాళ, క్లోమనాళ చికిత్సలు పెద్ద సంఖ్యలో జరిగే చోటుగా దానికి ప్రపంచంలో పేరుంది. ఆయనకు 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి.

బిరుదుల కంటే మనకు ముఖ్యమైనది వేరే ఉంది. ఈ పని పుస్తకం చదివి వచ్చేది కాదు. నేర్చినవాడి పక్కన నిలబడి, తీగ పట్టుకుని, వందల సార్లు చూసి, చేసి నేర్చుకోవాలి. మన దగ్గర పాన్ మాన్ పాకం దారాన్ని వేళ్ళ మధ్య చూసి పట్టు చెప్పేవాడు. ఆ విద్య ఏ కాలేజీలో చెప్పారు? అట్లాంటి నేర్పును నేర్పే చోటు హైదరాబాదులో ఏర్పడటం వల్ల ఇతర రాష్ట్రాల నుంచి, ఇతర దేశాల నుంచి కూడా డాక్టర్లు అక్కడికి వచ్చి నేర్చుకుని వెళ్ళారు. ఒకప్పుడు జర్మనీ, జపాను వెళ్ళవలసిన విద్య బోధన్ నుంచి ఒక పూట ప్రయాణంలోకి వచ్చింది.

నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. సంతోషం. అయితే ఈఆర్‌సీపీకి పక్కకు చూసే ఎండోస్కోపు, ఎక్స్‌రే తెర, మత్తు డాక్టరు, చేయి తిరిగిన నిపుణుడు, ఆయన చేయి తిరిగి ఉండటానికి తగినన్ని కేసులు, అన్నీ కలిసి రావాలి. పనిముట్టు సులువైతే ఈ జాబితా కొంచెం కురచ అవుతుంది, అంతే గాని మాయం కాదు.

సులువుకు ఉన్న వెల

మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే చరిత్ర కాదు. ఈఆర్‌సీపీ తర్వాత నూటికి ముగ్గురి నుంచి పదిమంది దాకా క్లోమం వాచే అవకాశం ఉంది. ఎక్కువమందికి నాలుగు రోజుల్లో తగ్గుతుంది, కొద్దిమందికి ప్రమాదం అవుతుంది. రంగుమందు ముందు పంపి వెతకడానికి బదులు తీగను ముందు పంపి వెతికితే ఈ వాపు తగ్గుతుందని 2004లో ఇటలీ డాక్టర్లు చూపారు. తర్వాత అదే పద్ధతిగా స్థిరపడింది. 2012లో అమెరికాలో 602 మంది మీద చేసిన పరీక్షలో, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఇండోమెథాసిన్ అనే పాత, చవక మందును మలద్వారం గుండా ఇస్తే వాపు 16.9 శాతం నుంచి 9.2 శాతానికి తగ్గింది. ఈ ప్రమాదం ఉండబట్టే, ఈ రోజుల్లో రోగనిర్ధారణ కోసం మాత్రమే ఈఆర్‌సీపీ చేయరు. ముందు అల్ట్రాసౌండు, ఎంఆర్‌సీపీ వంటి పరీక్షలతో అడ్డు ఉందని తేల్చుకుని, తీయడానికే లోపలికి వెళ్తారు.

రెండవది ఆ ఎలివేటరు మీట. సులువు చేసిన ఆ మీట సందుల్లోనే మురికి నిలుస్తుంది. 2015లో అమెరికాలో కాలిఫోర్నియా ఆసుపత్రిలో సరైన పద్ధతిలో కడిగిన ఎండోస్కోపుల ద్వారా కూడా మందులకు లొంగని క్రిములు రోగులకు సోకాయి. 2019లో ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ, కొనభాగం విడదీసి పారేసే రకాలకు మారమని ఆసుపత్రులకు సూచించింది. మొత్తం గొట్టమే ఒకసారి వాడి పారేసే రకమూ అప్పుడే వచ్చింది. మనకు ఇది కొత్త కాదు. మిల్లు హౌసులో జ్యూస్ పోయే గట్టర్ల మూలల్లో జిగురు పేరుకుంటే, అక్కడ పెరిగిన క్రిములు చక్కెరను తినేసేవి. ఎంత మంచి మిల్లయినా, వేడినీళ్ళు అందని మూల ఒకటి ఉంటే నష్టం అక్కడే.

సభ్యులకు కొన్ని మనవులు

మన ప్రాంతంలో కామెర్లు అనగానే పసరు మందుకు వెళ్ళడం అలవాటు. కామెర్లలో రెండు రకాలు ఉన్నాయని గుర్తించాలి. వైరసు వల్ల కాలేయం వాచి వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో తమంతట తామే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. అడ్డుపడి వచ్చే కామెర్లు అట్లా తగ్గవు. గొట్టంలో రాయి పైనుంచి ఏమి తాగినా కదలదు. కళ్ళు పచ్చబడి, మలం తెల్లబారి, దురద ఉంటే ఆలస్యం చేయకుండా అల్ట్రాసౌండు చేయించండి. దానికి కుడివైపు డొక్క నొప్పి, చలితో కూడిన జ్వరం తోడైతే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళవలసిందే. అరవై దాటినవారికి ఆ జ్వరం ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాంతకం కావచ్చు. నొప్పి ఏమీ లేకుండా మెల్లగా ముదిరే కామెర్లనూ తేలికగా తీసుకోవద్దు. కంతి వల్ల అట్లా రావచ్చు.

పిత్తాశయంలో రాయి వేరు, నాళంలో రాయి వేరు. నాళంలోని రాయిని ఎండోస్కోపుతో తీసినా, రాళ్ళు పుట్టిన పిత్తాశయం అక్కడే ఉంటుంది. దాన్ని తర్వాత లాప్రోస్కోపు ఆపరేషనుతో తీయాలని డాక్టరు చెబితే, నొప్పి తగ్గింది కదా అని వాయిదా వేయకండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట స్టెంటు గురించి. ప్లాస్టిక్ స్టెంటు శాశ్వతం కాదు. సాధారణంగా మూడు నెలల లోపల తీయాలి లేదా మార్చాలి. నెలలు గడిచిన కొద్దీ దానికీ స్కేలు పడుతుంది, మూసుకుపోతుంది, మళ్ళీ కామెర్లు, మళ్ళీ చలిజ్వరం. నొప్పి లేదు గనుక దాని సంగతి మరచిపోయి, ఏడాదికో రెండేళ్ళకో ప్రమాద స్థితిలో వచ్చేవారు చాలామంది ఉంటారని డాక్టర్లు చెబుతారు. నవంబరు నెల రాగానే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మనం ఎవరమూ మరచిపోము. స్టెంటు తీసే తేదీ కూడా అట్లాగే పెన్షను కాగితాల ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంట్లో పిల్లలకు, కోడళ్ళకు కూడా చెప్పి ఉంచండి. డిశ్చార్జి కాగితం మీద ఏ రకం స్టెంటు వేశారో, ఎప్పుడు రమ్మన్నారో రాయమని అడగడం మీ హక్కు.

మన ఫ్యాక్టరీ 1937లో మొదలై, 2015లో క్రషింగ్ ఆగేదాకా ఎన్ని వేల ట్యూబులు కడిగామో లెక్కలేదు. ఆ పనిలో మనం నేర్చుకున్నది ఒకటే. ట్యూబు కడగడం వాయిదా వేస్తే పాను ఆగుతుంది. ఈ వ్యాసం చదివిన ఒక్క కుటుంబమైనా పచ్చబడిన కళ్ళను చూసి వారం వృథా చేయకుండా బయలుదేరితే, లేదా బీరువాలో పెట్టి మరచిన డిశ్చార్జి కాగితం ఒకసారి తీసి తేదీ చూసుకుంటే, రాసిన శ్రమ ఫలించినట్లే. సందేహాలు ఉన్నవారు తమ డాక్టరును తప్పక సంప్రదించగలరు. సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు.